గది చల్లగానే ఉంది, బిల్లే పెరుగుతోంది



ఏసీ చెడిపోయిందని మనం ఎప్పుడు అనుకుంటాం? గది చల్లబడకపోతే అనుకుంటాం. మెకానిక్కుని పిలుస్తాం. ఆయన వచ్చి గ్యాసు తగ్గిందంటాడు, ఎక్కిస్తాడు, డబ్బు తీసుకుని వెళతాడు. కథ అక్కడితో అయిపోతుంది. కానీ చల్లగాలి ఇస్తూనే చెడిపోయిన ఏసీలు కొన్ని ఉంటాయి. గదిలో కూర్చున్నవాళ్లకు ఏ లోటూ తెలియదు. ఫిర్యాదు చేసేవాడూ ఉండడు. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు చూసిన గుమాస్తా ఒక్కడే ఉలిక్కిపడతాడు. ఇంకొన్ని చోట్ల బిల్లు కూడా మామూలుగానే ఉంటుంది, గోడకు మాత్రం బూజు పడుతుంది, బీరువాలో కాగితాలు మెత్తబడతాయి.

ఇలాంటి దొంగ జబ్బులు పాత భవనాల్లో ఎక్కువ. వాటిని పట్టుకోవడం ఎలాగో ఈవేళ మాట్లాడుకుందాం. చల్లబరిచే యంత్రం కంటే, దానికి ఎప్పుడు ఎంత పనిచెయ్యాలో చెప్పే పరికరాల మీద ఎక్కువ దృష్టి పెడదాం. థర్మోస్టాట్లు, గాలిదారిని తెరిచి మూసే రెక్కలైన డాంపర్లు, వాటిని కదిపే మోటార్లు, సన్న గొట్టాలు, వీటన్నిటినీ కలిపి కంట్రోల్స్ అంటారు. మన కథానాయకులు ఇవే.

పెద్ద భవనాల్లో గదికొక ఏసీ పెట్టరు. ఒకచోట గాలిని చల్లబరిచి, రేకు గొట్టాల్లో అన్ని గదులకూ పంపుతారు. ఆ గొట్టాలే డక్టులు. మన దగ్గర సినిమా హాలైనా, ఆస్పత్రైనా సాధారణంగా చల్లగాలి తెచ్చే డక్టు ఒక్కటే ఉంటుంది. అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం తరవాత, 1950, 60 దశకాల్లో కట్టిన ఆస్పత్రుల్లో, విశ్వవిద్యాలయాల్లో, ఆఫీసు భవనాల్లో ఇంకో పద్ధతి బాగా వాడారు. ఒక డక్టులో చల్లగాలి, పక్కనే ఇంకో డక్టులో వేడిగాలి. రెండూ ప్రతి గది పైకప్పు దాకా వస్తాయి. అక్కడ ఒక రేకు పెట్టె ఉంటుంది. దాన్ని మిక్సింగ్ బాక్సు అంటారు. వేణ్నీళ్లూ చన్నీళ్లూ తొరుపుకుని స్నానానికి సరిపెట్టుకున్నట్టే, ఆ పెట్టెలో రెండు గాలులూ కలిసి గదికి కావలసిన వెచ్చదనానికి వస్తాయి. గోడ మీద థర్మోస్టాట్ ఎంత వేడి, ఎంత చలి కలపాలో చెబుతుంది.

ఇంజినీర్లు దీన్ని ఇష్టపడటానికి కారణం ఉంది. చలిదేశంలో ఒకే భవనంలో ఎండ తగిలే గదికి చల్లగాలి కావాలి, నీడవైపు గదికి అదే క్షణంలో వేడిగాలి కావాలి. ఈ పద్ధతిలో ఎవరికి కావలసింది వాళ్లకు దొరుకుతుంది. సౌకర్యానికి వంక పెట్టలేం. ఖర్చు సంగతి మాత్రం అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒకవైపు బాయిలరు మండించి గాలిని వేడిచేస్తారు, ఇంకోవైపు కంప్రెసరు తిప్పి గాలిని చల్లబరుస్తారు, చివరికి రెంటినీ కలిపి ఒకదాని ఫలితాన్ని ఇంకోదానితో చెడగొడతారు. 1973లో చమురు సంక్షోభం వచ్చాక ఈ దుబారా కళ్లకు కట్టింది. 1975లో అమెరికాలోని శీతలీకరణ ఇంజినీర్ల సంఘం ఆష్రే తెచ్చిన 90-75 ప్రమాణం, గాలిని వేడిచేస్తూ చల్లబరుస్తూ ఒకేసారి రెండు పనులూ చేసే పద్ధతులకు కళ్లెం వేసింది. కొత్త భవనాల్లో వాడకం తగ్గింది. పాతవి మాత్రం అక్కడ చాలాచోట్ల ఇంకా తిరుగుతూనే ఉన్నాయి.

ఆ సంగతి బందరు, గుడివాడ, దివిసీమ శ్రోతలకు దేనికి అని మీరు అడగవచ్చు. మన కృష్ణా జిల్లా పల్లెల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడ్డ ఇంజినీర్ల కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఇక్కడ ఐటీఐలో ఏసీ ట్రేడు నేర్చుకుని గల్ఫు దేశాలకు వెళ్లాలనుకునే పిల్లలూ ఉన్నారు. పాత భవనాల నిర్వహణ చేతికొస్తే వాళ్లకు ఇలాంటి యంత్రాలు ఎదురుపడవచ్చు. అంతకంటే పెద్ద కారణం, రెండు డక్టుల ఏసీ చేసే తప్పులన్నీ మన కల్యాణమండపాల్లో, బ్యాంకుల్లో, ఆపరేషన్ థియేటర్లలో ఉన్న ఏసీలూ చేస్తాయి. ఇక్కడ అవి చిన్న అక్షరాల్లో ఉంటాయి, అక్కడ పెద్ద అక్షరాల్లో కనిపిస్తాయి. పాఠం పెద్ద అక్షరాల్లో నేర్చుకోవడం తేలిక.

ముందు ఆ కాలపు థర్మోస్టాట్ ఎలా పనిచేస్తుందో చూద్దాం. దాంట్లో కరెంటు ఉండదు. గాలి పీడనంతో పనిచేస్తుంది. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రంలోని వైట్‌వాటర్‌లో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. గది ఎంత వేడిగా ఉందో చూడటానికి నౌకరు ప్రతి తరగతిలోకీ వచ్చి పాఠానికి అడ్డుపడుతున్నాడని ఆయనకు విసుగు. ఆ విసుగులోంచి గది థర్మోస్టాట్ పుట్టింది. 1883లో పేటెంటు తీసుకున్నాడు, 1885లో మిల్వాకీలో కంపెనీ పెట్టాడు. తరవాత సన్న గొట్టాల్లో గాలి పీడనాన్ని పంపి, దూరాన ఉన్న వాల్వులను కదిపే పద్ధతి తెచ్చాడు. అదే సుమారు వందేళ్లపాటు పెద్ద భవనాలను ఏలింది.

థర్మోస్టాట్ మూత విప్పితే లోపల రెండు రకాల లోహాలను అతికించిన చిన్న పట్టీ కనిపిస్తుంది. గది వేడెక్కితే రెండు లోహాలూ ఒకే తీరుగా సాగవు, కాబట్టి పట్టీ వంగుతుంది. వంగి, గాలి కారే ఒక సన్న రంధ్రాన్ని మూస్తుంది. రంధ్రం మూతపడితే గొట్టంలో పీడనం పెరుగుతుంది. గది చల్లబడితే పట్టీ పైకి లేస్తుంది, గాలి కారుతుంది, పీడనం తగ్గుతుంది. ఈ పీడనం 3 నుంచి 15 పీఎస్ఐ మధ్య ఆడుతుంది. మన లెక్కలో చదరపు సెంటీమీటరుకు 0.2 నుంచి 1 కేజీ. గొట్టం రెండో కొసన, మిక్సింగ్ బాక్సు దగ్గర, రబ్బరు పొర ఉన్న డబ్బా ఉంటుంది. పీడనం పెరిగితే పొర ఉబ్బి కడ్డీని తోస్తుంది, కడ్డీ డాంపరు రెక్కను తిప్పుతుంది. చక్కెర మిల్లుల్లో ఇన్‌స్ట్రుమెంటు విభాగంలో పనిచేసినవాళ్లకు ఇది కొత్త కాదు. అక్కడ ఆవిరి వాల్వులను కదిపేదీ ఇలాంటి గాలే, పీడనమూ ఇంతే. ఆ పని తెలిసినవాడు పాత భవనం ఏసీ కంట్రోల్స్‌ను తక్కువ కాలంలోనే పట్టేస్తాడు.

ఇప్పుడు అసలు జబ్బు సంగతి. మిక్సింగ్ బాక్సులో వేడిగాలి రెక్క పూర్తిగా మూసుకోవాలి. ఏళ్లు గడిచేకొద్దీ రెక్క అంచున ఉన్న రబ్బరు ఎండి రాలిపోతుంది, గాలి కారుతుంది. ఎంత కారితే ఎంత నష్టమో లెక్క వేద్దాం. చల్లడక్టులో గాలి 13 డిగ్రీలు, వేడిడక్టులో 40 డిగ్రీలు అనుకుందాం. గది 24 దగ్గర ఉండాలి. కారేది పదో వంతే అనుకున్నా, గదిలోకి వచ్చే గాలి 13 కాకుండా 15.7 డిగ్రీలు అవుతుంది. 24 నుంచి 13 దాకా 11 డిగ్రీల తేడాతో జరగాల్సిన పని 8.3 డిగ్రీల తేడాతో జరుగుతుంది. అంటే చల్లదనంలో నాలుగో వంతు హుళక్కి. పది శాతం లీకు ఇరవై అయిదు శాతం నష్టం చేసింది.

మరి గదిలో మనిషికి తెలుస్తుందా? ఎండ నడినెత్తిన ఉన్న రోజు తెలుస్తుంది. మిగతా రోజుల్లో తెలియదు. థర్మోస్టాట్ తెలివైనది, ఇంకొంచెం చల్లగాలి అడుగుతుంది, గది 24 దగ్గరే నిలబడుతుంది. మెషిన్ రూములో ఆపరేటరుకు ఎక్కడో ఒక గది నుంచి చల్లగా లేదని ఫోను వస్తుంది, ఆయన చల్లడక్టు డిగ్రీలు తగ్గిస్తాడు. ఇంకో గది నుంచి వణుకుతున్నామని ఫోను వస్తుంది, ఆయన వేడిడక్టు డిగ్రీలు పెంచుతాడు. ఇద్దరూ శాంతిస్తారు. రెండు యంత్రాలూ ఒకదానితో ఒకటి కుస్తీ పడుతూ ఉంటాయి. ఖర్చు భవనం యజమానిది. ఫిర్యాదు రాకపోవడమే ఈ జబ్బుకు లక్షణం.

అందుకని పాత కంట్రోల్స్ చూసేవాడు గదిలోని మనిషిని అడిగి ఊరుకోకూడదు, కొలవాలి. కొలవడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. నమ్మకమైన థర్మామీటరు ఒకటి, తేమ కొలిచే హైగ్రోమీటరు ఒకటి, 0 నుంచి 30 పీఎస్ఐ దాకా చూపే చిన్న గేజి ఒకటి, నోటు పుస్తకం, పెన్సిలు. ఇవి చాలు.

పని ఏ వరసలో చెయ్యాలో చెబుతాను. ముందు సన్న గొట్టాల్లోని గాలి పుట్టే చోటికి, అంటే గాలి కంప్రెసరు గదికి వెళ్లాలి. ట్యాంకు అడుగున ఉన్న కాక్ తిప్పి చూడాలి. గాలి వస్తే సరే, నీళ్లు వస్తే సగం కారణం అక్కడే దొరికినట్టు. నీళ్లతోపాటు నూనె కూడా వస్తే ఇంకా చేటు. నూనె ఒకసారి సన్న గొట్టాల్లోకి చేరితే బయటికి తియ్యడం మహా కష్టం, థర్మోస్టాట్లలోని సూదిమొన రంధ్రాలు ఒకటొకటిగా పూడుకుపోతాయి. కంప్రెసరు దగ్గర ఈ సంగతి చూడకుండా గదుల్లో థర్మోస్టాట్లు మార్చుకుంటూ పోతే కొత్తవి కూడా అదే దారి పడతాయి. భవనానికి వెళ్లే ప్రధాన గొట్టంలో పీడనం 18, 20 పీఎస్ఐ దగ్గర నిలకడగా ఉందో లేదో చూడాలి. కంప్రెసరు ఆగకుండా తిరుగుతూ ఉంటే, ఎక్కడో గొట్టం చిట్లి గాలి పోతోందని గుర్తు.

తరవాత గదిలోకి రావాలి. థర్మోస్టాట్‌ను పూర్తిగా చలివైపు తిప్పి, కాసేపు ఆగి, గదిలోకి వచ్చే గాలి ఎన్ని డిగ్రీలో కొలవాలి. అది చల్లడక్టులో ఉన్న డిగ్రీలతో సమానంగా ఉండాలి. ఆపైన పూర్తిగా వేడివైపు తిప్పి కొలవాలి. అది వేడిడక్టుతో సమానంగా ఉండాలి. ఈ ఒక్క పరీక్ష సగం జబ్బులను బయటపెడుతుంది. రెండువైపులా సరిపోతే మిక్సింగ్ బాక్సు జోలికి వెళ్లక్కర్లేదు. చలివైపు తిప్పినా వెచ్చగా వస్తుంటే అప్పుడు గొట్టంలో పీడనం చూడాలి. పీడనం మారుతూ రెక్క కదలకపోతే, రబ్బరు పొర చిరిగి ఉంటుంది, లేదా కడ్డీ స్క్రూ వదులై జారి ఉంటుంది. రెక్క కదులుతూ గాలి వెచ్చగానే వస్తే, అంచు రబ్బరు పోయింది. పీడనమే మారకపోతే తప్పు థర్మోస్టాట్‌ది. ఇలా ఒక్కొక్కటే పక్కకు పెడుతూ పోతే అసలు దొంగ దొరుకుతాడు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. థర్మోస్టాట్లు రెండు రకాలు. వేడి పెరిగితే పీడనం పెంచేవి కొన్ని, వేడి పెరిగితే పీడనం తగ్గించేవి కొన్ని. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. ఒకదాని చోట ఇంకోటి బిగిస్తే గది వేడెక్కేకొద్దీ వేడిగాలే వస్తుంది. కొత్తది పెట్టాక జబ్బు ముదిరిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. అలాగే గాలి పీడనం పూర్తిగా పోతే రెక్క ఎటు నిలబడుతుందో తెలిసి ఉండాలి. చలిదేశాల్లో సాధారణంగా వేడివైపు తెరుచుకునేలా పెడతారు, మంచుకాలంలో జనం ఇబ్బంది పడకూడదు, గొట్టాల్లో నీళ్లు గడ్డకట్టకూడదు అని. భవనం మొత్తం ఒక్కసారిగా వేడెక్కితే గదులు తిరగడం మానేసి కంప్రెసరు దగ్గరికి పరుగెత్తాలి.

ఇంతవరకూ యంత్రం సంగతి. ఇక మన గాలి సంగతి. అసలు ఏసీ పుట్టింది చల్లదనం కోసం కాదు, తేమ కోసం. 1902లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక ముద్రణాలయం ఉండేది. వేసవిలో కాగితం తేమ పీల్చి సాగేది, ఎండితే ముడుచుకునేది, ఒక రంగు మీద ఇంకో రంగు సరిగ్గా పడేది కాదు. ఆ కాగితాన్ని నిలకడగా ఉంచడానికి విల్లిస్ కారియర్ అనే యువ ఇంజినీరు గాలిలో తేమను అదుపుచేసే యంత్రాన్ని రూపొందించాడు. ఆధునిక ఏసీ చరిత్ర అక్కడ మొదలైందని చెబుతారు. అదే 1902లో మన బందరులో కృష్ణా పత్రిక మొదలైంది. బ్రూక్లిన్‌కు వేసవి నాలుగు నెలలే తేమ బాధ. బందరుకు ఏడాదిలో ఎక్కువ భాగం అదే.

మన గాలిలో ఎంత నీరు ఉంటుందో ఊహించండి. ముసురు పట్టిన రోజున గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం ఉందనుకుంటే, ఒక్క ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీరు ఉంటుంది. ఆ గాలి 26 డిగ్రీలకంటే చల్లని ఏ వస్తువును తాకినా దాని మీద చెమట పడుతుంది. అలాంటి గాలిని కంప్రెసరులో 80 పీఎస్ఐకి నొక్కి మళ్లీ 30 డిగ్రీలకు చల్లారనిస్తే, దానిలోని నీటిలో అయిదింట నాలుగు వంతులు ట్యాంకులోనే కారిపోతాయి. ఎడారి ఊళ్లో వారానికోసారి ట్యాంకు నీరు వదిలితే సరిపోతుందేమో, మన సముద్రతీరంలో రోజూ వదలాలి, గాలిలో తేమ తీసే డ్రైయరు తప్పనిసరిగా ఉండాలి. చక్కెర మిల్లులో అయినా, ఆస్పత్రిలో అయినా లెక్క ఇదే.

రెండు డక్టుల పద్ధతి మన వాతావరణంలో ఎందుకు నప్పదో కూడా ఇక్కడే తేలుతుంది. మనకు గదులు వేడిచెయ్యాల్సిన అవసరం లేదు కదా, రెండో డక్టులో బాయిలరు లేకుండా మామూలు గాలే పంపితే కరెంటు మిగులుతుంది కదా అనిపిస్తుంది. లెక్క బాగానే ఉంది. కానీ ఆ రెండో డక్టు గాలి, గాలిని చల్లబరిచే గొట్టాల చుట్టను, అంటే కాయిల్‌ను తాకదు, కాబట్టి దానిలోని నీరు కారదు. ముసురు రోజున బయట ఎండ లేదు, గదికి చల్లదనం తక్కువే కావాలి, థర్మోస్టాట్ చల్లగాలి తగ్గించి రెండో డక్టు తెరుస్తుంది. బయటి తేమ యావత్తూ గదిలోకి దిగుతుంది. గోడ మీద 24 అని చూపిస్తుంది, కూర్చున్నవాడికి ఒళ్లంతా జిడ్డుగా ఉంటుంది.

రెండు డక్టులు లేని మన ఏసీల్లో కూడా సరిగ్గా ఇదే తప్పు వేరే వేషాల్లో జరుగుతుంది. మొదటి వేషం, బిల్లు తగ్గించాలని చల్లగాలి డిగ్రీలు పెంచడం. కాయిల్ నుంచి గాలి 13 డిగ్రీల దగ్గర బయటికొస్తే గది 24 డిగ్రీల్లో తేమ 50 శాతం దగ్గర ఉంటుంది. అదే 18 డిగ్రీలకు పెంచితే గది 24 దగ్గరే నిలవవచ్చు, తేమ మాత్రం 70 శాతానికి చేరుతుంది. బూజుకు అది పండగ. డెల్టాలో చల్లగాలి డిగ్రీలు పెంచేముందు హైగ్రోమీటరు చూడాలి, బిల్లు ఒక్కటే చూడకూడదు.

రెండో వేషం, అవసరానికి మించిన ఏసీ. హాలుకు పది టన్నులు చాలునంటే, ఎందుకైనా మంచిదని పదిహేను పెట్టిస్తారు. జనం తక్కువున్న రోజున అది కాసేపట్లోనే గదిని చల్లబరిచి ఆగిపోతుంది. తేమ తియ్యాలంటే కాయిల్ చాలాసేపు చల్లగా ఉండాలి. అది ఆగేసరికి తేమ అలాగే ఉండిపోతుంది. కంప్రెసరు ఆగినా బ్లోయరు తిరుగుతూ ఉంటే ఇంకా ఘోరం. కాయిల్ మీద నిలిచిన నీళ్లను ఆ గాలే ఆరబెట్టి తిరిగి గదిలోకి తెస్తుంది. మూడో వేషం, థర్మోస్టాట్ ఉండకూడని చోట ఉండటం. పాత భవనాల్లో హాలును పలకలతో విడగొట్టి నాలుగు గదులు చేస్తారు. థర్మోస్టాట్ ఒక గదిలో ఉండిపోతుంది, మిగతా మూడు గదులు దాని దయాదాక్షిణ్యాల మీద బతుకుతాయి. లేదా దాని ముందు బీరువా చేరుతుంది, పక్కనే టీ కాచుకునే స్టవ్ చేరుతుంది. అది చెప్పేది నిజమే, కానీ గది గురించి కాదు, స్టవ్ గురించి.

తేమ కొంచెం ఎక్కువైతే ఏం పోయిందని అనుకోవద్దు. ఆపరేషన్ థియేటర్లలో తేమ 60 శాతం దాటకూడదని ఆస్పత్రుల గుర్తింపు సంస్థ ఎన్ఏబీహెచ్ నిబంధన. బందరుకు కటకాల పరిశ్రమ చరిత్ర ఉంది. 1926లో మొదలైన ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీని 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ తీసుకుంది. కెమెరా అయినా, దుర్భిణి అయినా తేమలో ఉంచితే కటకం మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుందని ఆ పని ఎరిగినవాళ్లందరికీ తెలుసు. 1843లో మొదలైన నోబుల్ విద్యాసంస్థ, 1910లో మొదలైన జాతీయ కళాశాల ఉన్న ఊరు ఇది. ఇంత పాత ఊళ్లో రికార్డులు, రిజిస్టర్లు, పుస్తకాలు ఎన్ని ఉంటాయో చెప్పక్కర్లేదు. వాటికి 24 డిగ్రీలకంటే 55 శాతం తేమ ముఖ్యం.

మరి మందేమిటి? మన వాతావరణంలో గాలిని ముందు లోతుగా చల్లబరిచి నీరు దించెయ్యాలి, తరవాత అవసరమైతే కొంచెం వెచ్చచెయ్యాలి. వెచ్చచెయ్యడానికి కొత్తగా కరెంటు ఖర్చు పెట్టకూడదు. కంప్రెసరు బయటికి పారేసే వేడినే గొట్టంతో మళ్లించి వాడుకోవచ్చు. బయటి నుంచి తీసుకునే తాజాగాలికి విడిగా ఒక చిన్న యంత్రం పెట్టి, తేమ అక్కడే దించేసి లోపలికి పంపితే ఇంకా మేలు. రెండు డక్టుల పాత భవనాల్లో కూడా ఇప్పుడు చేస్తున్నది ఇలాంటి సర్దుబాట్లే. వేడిడక్టు డిగ్రీలు పని జరిగేంత తక్కువకు దించడం, వేసవిలో వేడి పూర్తిగా ఆపడం, గదికి కావలసినంత గాలే వెళ్లేలా బాక్సులు మార్చడం, గాలి గొట్టాల చోట కంప్యూటరుతో నడిచే కంట్రోల్స్ పెట్టడం. ఈ చివరిదాని గురించి ఒక హెచ్చరిక. రబ్బరు పోయిన రెక్కకు ఎంత ఖరీదైన కంప్యూటరు తగిలించినా అది కారుతూనే ఉంటుంది. ముందు రెక్క బాగుచెయ్యాలి, తరవాతే కంప్యూటరు.

మన తీరానికి ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని ఉన్నాయి. మంగినపూడి, నాగాయలంక, కోడూరు వైపు ఉప్పుగాలికి రాగి గొట్టాల మీది అల్యూమినియం రెక్కలు పొడిపొడిగా రాలిపోతాయి. బయటి యూనిట్‌ను మంచినీళ్లతో తరచుగా కడగాలి, పూత వేసిన కాయిల్ అడిగి కొనుక్కోవాలి. థర్మోస్టాట్, సెన్సరు తీగల కొసలకు ఉప్పు పట్టి పచ్చబారితే అవి తప్పుడు డిగ్రీలు చెబుతాయి. సెన్సరు మార్చేముందు ఆ కొసలు గీకి, మళ్లీ బిగించి చూడాలి. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన నేల మనది. కంట్రోల్ ప్యానెల్‌ను నేలకు ఆనించి పెట్టకుండా ఎత్తున బిగించుకోవాలి. కరెంటు పోయి వచ్చిన వెంటనే కంప్రెసరు మొదలవకుండా కొన్ని నిమిషాలు ఆపే టైమరు ఉంటుంది. దాన్నిగానీ, పీడనం హద్దు దాటితే యంత్రాన్ని ఆపే కటౌట్‌నుగానీ తొందరకు తీగ కలిపి, అంటే జంపరు వేసి తప్పించకండి. పెళ్లి ముహూర్తం దగ్గరపడిందని వేసిన జంపరు అలాగే ఉండిపోయి, తరవాతెప్పుడో కంప్రెసరునే తినేస్తుంది.

ప్రాణానికి సంబంధించినవి ఇంకో రెండు. పాత భవనాల్లో డక్టులకు, వేడినీటి గొట్టాలకు చుట్టిన తొడుగులో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి వెళ్లకూడదు. తెలియకుండా చింపకండి, ఊడ్చకండి, పరీక్ష చేయించండి. పాత థర్మోస్టాట్లు కొన్నింటిలో గాజు గుళికలో పాదరసం ఉంటుంది. దాన్ని పగలగొట్టకూడదు, చెత్తలో పారెయ్యకూడదు. గ్యాసు సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఎన్నో పాత యంత్రాల్లో ఉన్న ఆర్-22 గ్యాసు ఓజోన్ పొరకు చేటు. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం దాన్ని 2030 నాటికి ఆపెయ్యాలి. కాబట్టి ఏడాదికోసారి గ్యాసు ఎక్కించుకుంటూ బతికే యంత్రం మీద ఇంకా డబ్బు పొయ్యడం తెలివి కాదు. గ్యాసు తనంతట తాను తరగదు. తరిగిందంటే లీకు ఉంది. లీకు మూయకుండా గ్యాసు నింపినవాడు మరమ్మతు చెయ్యలేదు, వాయిదా వేశాడంతే.

చివరగా రెండు విన్నపాలు. కల్యాణమండపాలు, ఆస్పత్రులు, బ్యాంకులు, హాళ్లు నడిపేవాళ్లకు ఒకటి. మీ భవనం డక్టులు ఎటు వెళ్తున్నాయో, థర్మోస్టాట్లు ఎక్కడున్నాయో చూపే పటం ఒకటి గీయించి మెషిన్ రూములో గోడకు అంటించండి. పాత మెకానిక్కు రిటైరైతే ఆ జ్ఞానం ఆయనతోపాటు ఇంటికి వెళ్లిపోకూడదు. దాని పక్కన ఒక రిజిస్టరు పెట్టండి. వారానికోసారి గది డిగ్రీలు, తేమ, డక్టులో గాలి డిగ్రీలు, కరెంటు మీటరు అంకె, నాలుగూ రాయించండి. బిల్లు వచ్చాక ఆరా తీసే బదులు జబ్బు మొదలైన వారమే పట్టుకోవచ్చు.

రెండోది, బందరు, గుడివాడ, అవనిగడ్డ ప్రాంతాల్లో ఈ పని నేర్చుకుంటున్న కుర్రవాళ్లకు. గ్యాసు సిలిండరు చేత పట్టుకునేముందు థర్మామీటరు, హైగ్రోమీటరు చేత పట్టుకోండి. ఇల్లుగలవాడు చెప్పింది వినండి, కానీ కొలిచి చూశాకే నమ్మండి. ఏ భాగం మార్చినా, మార్చేముందు ఏం చదివారో, మార్చాక ఏం చదివారో రెండూ రాసి ఇంటివాళ్లకు ఇవ్వండి. అలా కాగితం మీద లెక్క చూపించగల మెకానిక్కును మన డెల్టాలో ఎవరూ వదులుకోరు.